నరికిన మేపుల్ మొద్దుపై పుట్టగొడుగులు పెంచవచ్చా?

పెరటిపంట (న్యూజెర్సీ):
నమస్కారం. ఇంటి మీదకు ఒరుగుతున్న మేపుల్ చెట్టును ఫిబ్రవరి చివరలో కొట్టించాము. మొద్దును యంత్రంతో పిండి చేయించడానికి అడిగిన సొమ్ము ఎక్కువ కావడంతో, దానిపై తినదగిన పుట్టగొడుగులు పెంచితే కాలక్రమంలో అదే చివికిపోతుందని విని ఆ ఆలోచనలో పడ్డాను. మన ఊళ్ళలో వరిగడ్డి నింపిన సంచుల్లో ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచడం చూశాను కాని, ఆరుబయట కలప మీద పెంపకం నాకు కొత్త. ఏ రకం వేయాలి? పక్కనున్న ఆపిల్ చెట్టుకు తెగులు అంటుకుంటుందా?

కొయ్యమేకు (ఒహాయో):
మీకు అనువైనది ఆ ముత్యపుచిప్ప రకమేనండి. షీటాకే అనే మరో తినదగిన రకం దుంగలపై చక్కగా వస్తుంది కాని, వేళ్ళతో నేలలో ఉన్న మొద్దులోకి మట్టి నుంచి ఎక్కివచ్చే ఇతర శిలీంధ్రాలతో అంతగా పోటీపడలేదు. మొద్దు తాజాగా ఉండగానే, గట్టి మంచు పడే రోజులు ముగిసిన వెంటనే, వేరే బూజు చొరబడకముందే స్పాన్ (పుట్టగొడుగుల విత్తనం) ఎక్కించడం ముఖ్యం. శిలీంధ్రం పట్టించిన చిన్న కొయ్యమేకులు దొరుకుతాయి. వాటి కోసం 8 మి.మీ. డ్రిల్లుతో సుమారు 3 సెం.మీ. లోతున, పది పదిహేను సెం.మీ. ఎడంగా రంధ్రాలు చేసి, మేకులు దిగగొట్టి, పైన కరిగించిన తేనెమైనం పూయండి. రంధ్రాలు నడిమి చేవలో కాక, బెరడును ఆనుకొని ఉన్న తెల్ల చెక్కలోనూ మొద్దు పక్కలనూ ఉండాలి. ఎండాకాలంలో నీడ, అప్పుడప్పుడు నీరు అవసరం. కాపుకు ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళు కూడా పట్టవచ్చు.

ఆపిల్ గురించి బెంగ అక్కరలేదు. ఈ రకం ప్రధానంగా చచ్చిన, నీరసించిన కలపపైనే బతుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న చెట్లనూ చంపగల తేనె పుట్టగొడుగు వేరు; అది నల్లని తాళ్ళలాంటి పోగులతో మట్టిలో పాకుతుంది. అడవి నుంచి ఏదో తెచ్చి మొద్దుకు అంటించవద్దని చెప్పేది అందుకే.

నీడపట్టు (వర్జీనియా):
పై సలహాతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక. మొద్దు మీద మొలిచినదల్లా మీరు వేసినది కాదు. చివికిన కలపపై వచ్చే గలెరీనా అనే చిన్న గోధుమరంగు పుట్టగొడుగు ప్రాణాంతకం. కోసినదాన్ని తెల్ల, నల్ల కాగితాలపై బోర్లించి రాత్రంతా ఉంచండి: ముత్యపుచిప్ప అయితే తెల్లని లేదా లేత ఊదా పొడి రాలుతుంది, గలెరీనా అయితే తుప్పు రంగు. తెల్ల పొడి రాల్చే విషజాతులూ ఉన్నాయి కనుక, తెలిసినవారికి చూపించకుండా వండవద్దు.

పెరటిపంట:
ధన్యవాదాలు. ఇంకొక్క మాట: మళ్ళీ చిగుళ్ళు రాకూడదని చెట్టు కొట్టినవారు మొద్దు పైభాగానికి ఏదో మందు పూశారు. ఫరవాలేదా?

కొయ్యమేకు:
అయితే ఆ మొద్దుపై తినేవి పెంచవద్దండి. కొట్టిన కొమ్మలు ఇంకా ఉంటే, పది పదిహేను సెం.మీ. లావున్నవాటిని మీటరు పొడవు దుంగలుగా కోయించి, వాటికే స్పాన్ ఎక్కించండి. అప్పుడు షీటాకే కూడా వేసుకోవచ్చు.