డిమెన్షియాలో ఉద్రేకానికి మాత్ర వేయడం తప్పా?

పెద్దకోడలు: మా అత్తయ్యగారికి అల్జైమర్స్ వచ్చి ఆరేళ్లయింది. పది రోజులుగా రాత్రి రెండింటికి లేచి తలుపు గడియ లాగుతూ, అద్దంలో కనిపించే ముసలావిడ తన గాజులు దొంగిలించిందని కేకలు వేస్తున్నారు. డాక్టరుగారు రిస్పెరిడోన్ అనే మానసిక వ్యాధుల మందు అర మిల్లీగ్రాము రాశారు. అది ప్రాణాంతకమని మా ఆడపడుచు పట్టుబడుతోంది. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

డాలస్_చిన్నోడు: ఆమె మాట నిజమండి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో 17 ప్రయోగాలను కలిపి పరిశీలించినప్పుడు, డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ తరహా కొత్త మందులు వాడినవారిలో సుమారు 4.5 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 2.6 శాతం పదివారాల వ్యవధిలో మరణించినట్లు తేలింది. 2008లో ఆ హెచ్చరికను ఇదే కోవలోని పాత మందులకూ వర్తింపజేశారు. దయచేసి వేయకండి.

పెద్దకోడలు: ఆవిడ గడియ తీసుకుని అర్ధరాత్రి రోడ్డెక్కితే, ఆ ప్రమాదం ఎంత శాతమండి?

మందులకొట్టు_కాకినాడ: మార్పు ఉన్నట్టుండి వచ్చింది కనుక, మాత్ర సంగతి తేల్చేముందు మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఆవిడ చెప్పుకోలేని నొప్పి ఉన్నాయేమో చూపించండి. నార్వే వృద్ధాశ్రమాల్లో 352 మందిపై జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో, నొప్పికి అంచెలవారీగా మందిస్తే ఉద్రేకం తగ్గింది. చాలామందికి పారాసిటమాలే సరిపోయింది. లేని మనుషులు స్పష్టంగా కనిపించడం, నడక బిగుసుకోవడం ఉంటే లూయీ బాడీ అనే మరో రకం డిమెన్షియా ఏమోనని అడగండి. వారికి హాలోపెరిడాల్ వంటి ఈ కోవ మందులు ప్రాణం మీదికి తెస్తాయి.

నిద్రలేనివాడు: అద్దానికి దుప్పటి కప్పాక మా నాన్నగారి కేకలు ఆగిపోయాయి.

డాలస్_చిన్నోడు: నేను చెప్పిన అంకెను వదిలేసి అందరూ అద్దం గురించి మాట్లాడుతున్నారు. ఆ 4.5 తప్పని ఎవరైనా చూపించగలరా?

పెద్దకోడలు: తప్పని నేను అనలేదు. మీ ఇంట్లో పెద్దవారి దగ్గర రాత్రిళ్లు ఎవరుంటున్నారో చెప్పండి, అప్పుడు అంకెలు మాట్లాడుకుందాం.

డాలస్_చిన్నోడు: మా అమ్మ ఇప్పుడు లేదు. జీతానికి పెట్టిన ఆయమ్మే ఉండేది. వీడియోలో ఎప్పుడు చూసినా అమ్మ గడ్డం రొమ్ముకు ఆన్చి జోగుతూ ఉండేది, ప్రశాంతంగా ఉందనుకున్నాను. ఆరు వారాలకని రాసిన మాత్ర ఏడాదిన్నర నడిచింది. అది అమ్మ బాధ తగ్గడానికి కాదు, చుట్టూ ఉన్నవారి సౌకర్యానికి వేసిందని నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆపించవలసినవాణ్ణి నేనే.

పెద్దకోడలు: నా నిద్ర కోసం కూడా వేస్తున్నానండి, దాచను. నేను మంచాన పడితే ఆవిడకు ముద్ద కలిపి పెట్టే మనిషి ఈ ఇంట్లో లేదు. మా ఆడపడుచు కూడా ఫోనులోనే వద్దంటోంది.

మందులకొట్టు_కాకినాడ: వేస్తే ఆపే తేదీ ఇప్పుడే రాయించుకోండి. బ్రిటన్‌లో కూడా, ఇతర ఉపాయాలు పనిచేయని తీవ్రమైన దూకుడుకు రిస్పెరిడోన్ వాడకాన్ని ఆరు వారాల వరకే అనుమతించారు.

డాలస్_చిన్నోడు: వేయవద్దనే ఇప్పటికీ నా మాట. వేస్తే మాత్రం పగలు జోగుతున్నారా, అడుగు తడబడుతోందా అని రోజూ చూడండి.

పెద్దకోడలు: కేలండరులో ఆరో ఆదివారం చుట్టూ గీశాను. అద్దం తీసి బీరువా వెనక పెట్టాను, ఉదయం మూత్ర పరీక్షకు ఇస్తాను. ఈ రాత్రికి మాత్రం మాత్ర వేస్తున్నాను.