సోమెయ్ యోషినో చెట్టు పోయిన చోట ఏం నాటాలి?

ఒసాకావాసి: జపాన్ నగరాల్లో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాటిన సోమెయ్ యోషినో అనే సకూరా (పూల చెర్రీ) చెట్లు ముసలివైపోతున్నాయి. కొట్టేసిన చోట మళ్ళీ అవే నాటాలా, అడవుల్లో పెరిగే కొండ సకూరా, అంటే యమజకురా, నాటాలా? నా ఓటు సోమెయ్ యోషినోకే. ఆకు రాకముందే కొమ్మ నిండా పువ్వు, వీధి వీధంతా ఒకేసారి! జనం వచ్చేది అందుకే కదా.

మొక్కలమాస్టారు: ఒకేసారి ఎందుకు పూస్తాయండీ? ఎదోహిగన్, ఒషిమా జకురా అనే రెండు సకూరా రకాల సంకరమది. ఎదో (Edo) పాలనా కాలం చివర్లో, అంటే 19వ శతాబ్దంలో, ఇప్పటి టోక్యోలోని సోమెయ్ ఊరి తోటల నుంచి బయటికొచ్చింది. అప్పటి నుంచి అంటు కట్టే పెంచుతున్నారు కాబట్టి ఎక్కడ చూసినా ఉన్నది అదే చెట్టు. కొమ్మలు చీపురులా గుబురుకట్టే తెగులుకు అన్నీ ఒకేలా లొంగిపోతాయి.

కొండ సకూరా గింజ నుంచి మొలుస్తుంది. పువ్వూ లేతాకూ కలిసే వస్తాయి. ఒకదాని చిగురు రాగిరంగు, పక్కదానిది పచ్చ. ఒకటి రాలుతుంటే ఇంకోటి విచ్చుకుంటుంది. నారా దగ్గరి యోషినో కొండ మీద సుమారు 30,000 చెట్లున్నాయి, ఎక్కువ ఇవే. పూత కింద మొదలై, రోజులు గడిచేకొద్దీ పైకి ఎక్కుతూ పోతుంది. ఇంతకంటే గొప్ప పూలపండుగ నాకు తెలియదు.

చెట్టునీడ: మాస్టారూ, అడవిది కాబట్టి దానికి మచ్చ లేదనుకోకండి. 18వ శతాబ్దపు పండితుడు మోతోఒరి నోరినాగా జపాన్ మనసును ఉదయపు ఎండలోని కొండ సకూరాతో పోల్చి పద్యం రాశారు. 1944లో జపాన్ తొలి ఆత్మాహుతి విమాన దళాల పేర్లు ఆ పద్యంలోంచే తీశారు. ఒకదాని పేరు యమజకురా.

మొక్కలమాస్టారు: నిజమే, ఆ చరిత్ర మరవకూడదు. నేను అడిగేది జాతి గర్వం కోసం కాదు, చెట్ల వైవిధ్యం కోసం. సకూరాల వర్గీకరణే ఇంకా తేలలేదు. జపాన్ వృక్షశాస్త్రవేత్తలు ఎక్కువగా వీటిని సెరాసస్ అనే వేరే ప్రజాతి అంటారు, బయట చాలామంది ప్రూనస్ అనే పెద్ద ప్రజాతిలోనే ఉంచుతారు. జపాన్‌లోని కీ (Kii) ద్వీపకల్పంలో పెరిగే అడవి సకూరా కుమానో జకురాను కొత్త జాతిగా వర్ణించింది 2018లోనే! దాని పక్కన సోమెయ్ యోషినో నాటితే పుప్పొడి కలిసి అడవి జాతి చెదిరిపోతుంది.

చెట్టునీడ: మరి వేరే ప్రాంతపు కొండ సకూరా తెచ్చి నాటినా అంతేగా?

మొక్కలమాస్టారు: అంతే. అందుకే ఏ కొండ దగ్గర నాటితే ఆ కొండ గింజే వాడాలి.

ఒసాకావాసి: కొండల దగ్గర మీ మాటే ఒప్పుకుంటాను. గింజ మొలిచి పూతకు రావడానికి ఏళ్ళు పడుతుందని మాత్రం ఊళ్ళో వాళ్ళకు ముందే చెప్పాలి. నగరంలోని నది గట్ల మీద మాత్రం నా ఓటు మారదు.