బ్లూ షెల్ తొండి ఆటనా కాదా? (మారియో కార్ట్ 64, క్రాష్ టీమ్ రేసింగ్ లొల్లి)

కాజీపేట_డీజిల్:
దసరాకు తమ్ముడు ఇంటికొచ్చిండు, పాత లొల్లి మళ్ల షురూ. వాడేమో మారియో కార్ట్ 64ని మించిన కార్ట్ గేమే (చిన్న బండ్ల రేసు వీడియో గేమే) లేదంటడు, నేనేమో క్రాష్ టీమ్ రేసింగ్ అంట. నా బాధంత ఒక్కటే, బ్లూ షెల్, గదే 64ల ఫస్టున్నోడిని ఎతుక్కుంట పోయి గుద్దే నీలం తాబేలు చిప్ప. రెండున్నర ల్యాపులు సక్కగ నడిపి ఫస్టుల ఉంటె, ఎనకాల ఏడో నంబర్ల గోడలు గుద్దుకుంట వచ్చేటోడికి దారిల ఉండే ఆయుధాల డబ్బల అది దొరుకుతది, నా బండి గాల్లకు లేస్తది. గిది ఆటనా లాటరీయా? 1992ల వచ్చిన మొదటి సూపర్ మారియో కార్ట్‌ల ఈ షెల్ లేనే లేదు, 1996ల 64 తోటే తెచ్చిండ్రు. లేకుంటె ఏం పోయేది?

సుబేదారి_చెల్లె:
అన్నా ఏం పోయేదో నేను చెప్త. మా ఇంట్ల కంప్యూటర్ మీద ఎమ్యులేటర్ల (పాత వీడియో గేములు కంప్యూటర్ల నడిపే సాఫ్ట్‌వేర్ల) ఆడేటోళ్లం, ఇద్దరికి ఒకటే కీబోర్డు, ఎడమ దిక్కు మా అన్న, కుడి దిక్కు నేను. ఒక్కసారే చాన కీలు నొక్కితే కొన్ని పట్టవు గదా, అది తెల్సుకొని మా అన్న కావాలనే రెండు మూడు కీలు అదిమి పెట్టేటోడు, నా బండి మలిగేదే కాదు. తొండి అంటె గది! బ్లూ షెల్ ఒక్కటే నా దిక్కున ఉండె. అది లేకపోతె రెండో రోజే ఆట బంద్ చేసి బతుకమ్మ పువ్వులు ఏరుకునేదాన్ని.

నైంనగర్_పవర్‌స్లైడ్:
డీజిల్ అన్న చెప్పిందే కరెక్ట్. సీటీఆర్ (క్రాష్ టీమ్ రేసింగ్) 1999ల నాటీ డాగ్ అనే కంపెనీ వాళ్లు తీసిండ్రు, దాంట్ల గెలుపు మొత్తం నీ వేళ్లల్ల ఉంటది. ఒక షోల్డర్ బటన్ (రిమోట్ పై అంచుల ఉండేది) తోటి ఎగిరి బండిని జార్చాలె, జారుతుంటె పక్కన మీటర్ నిండుకుంట ఎర్రగయితది, పొగ నల్లగయితది, సరిగ్గ గప్పుడు రెండో షోల్డర్ బటన్ కొట్టాలె, ఒక్క జారుడుకు మూడు బూస్టులు. ముందుగాల కొట్టినవా ఏం రాదు, ఆలస్యమయిందా మొత్తం పోయె. గుట్ట మీద్నుంచి దుంకితె గాల్ల ఎంతసేపుంటె అంత బూస్ట్. మా కాలేజి దగ్గర పార్లర్ల గంటకు ఇంత అని పైసలు తీస్కునేటోడు, ఆలస్యంగ వచ్చినోడికి ఆర్1 (కుడి దిక్కు షోల్డర్ బటన్) చెడిపోయిన రిమోట్ ఇచ్చేటోడు. ఆర్1 లేకుంట సీటీఆర్ అంటె ఒంటి కాలు మీద ఉరికినట్టే, నేనే రెండేండ్లు అట్ల ఆడిన. అందుకే ఇయ్యాలటికి ఎవనికీ భయపడ.

వడ్డెపల్లి_కట్ట:
ఏంది బై, మీ సీటీఆర్‌ల వార్ప్ ఆర్బ్ అనే ఆయుధం లేదా? అది గూడ ఫస్టున్నోడినే ఎతుక్కుంట పోతది. దారిల పడుండే వుంపా పండ్లు పది ఏరుకొని కొడితె ముందున్నోళ్లందరినీ వరుసవెట్టి లేపుతది. నీలం రంగు లేదని తొండి కాకుంట పోతదా?

కాజీపేట_డీజిల్:
వార్ప్ ఆర్బ్ సంగతి మర్చిపోలె కట్ట అన్న, కావాలనే చెప్పలె 😀 అయినా దెబ్బ తిన్నంక మూడు బూస్టులు మంచిగ కొట్టినవంటె మళ్ల ముందటికి వస్తవ్. 64ల ఆఖరి మలుపుల దెబ్బ తింటె లేచేసరికి అందరు పోయిండ్రు.

గిర్మాజీపేట_బండి:
ఆఖరి ల్యాపు దాక సెకండ్ల ఉండు, లాస్టుకు దాటు. గింతే గదా దిమాక్.

సుబేదారి_చెల్లె:
64ల నడవదు అది. అక్కడ బ్లూ షెల్ నేల మీద్నే ఉరుకుతది, దారిల దొరికినోళ్లని గూడ పడగొట్టుకుంట పోతది. రెక్కలొచ్చింది 2003ల, తర్వాతి మారియో కార్ట్ గేము డబుల్ డాష్ తోటి. సెకండ్ల ఉంటె నువ్వే ముందు పడుతవ్ 😂

నైంనగర్_పవర్‌స్లైడ్:
చెల్లె మాటకు నేనొకటి ఒప్పుకుంట. సీటీఆర్‌ల కొత్తోడు కూసుంటె వానికి పండుగ ఉండదు, పాపం. మా మేనల్లుడు రెండు రేసులాడి రిమోట్ ఇసిరేసి పోయిండు, నేను ఒక్కన్నే టైమ్ ట్రయల్ ఆడుకున్న.

కాజీపేట_డీజిల్:
తమ్ముడు రేపు పొద్దుగాల హైదరాబాద్ పోతుండు, రాత్రికి ఆఖరి కప్పు పెట్టుకున్నం. 64నే, బ్లూ షెల్ ఉంచే. కని కీబోర్డుల ఎడమ దిక్కు నాది.