అపాప్టోసిస్‌లో రెండో "ప" పలకాలా, వద్దా?

ప్రశ్న (ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ, రెండో ఏడాది)
మొన్న సెమినార్‌లో ఈ మాట (కణం తనంతట తానే పద్ధతిగా చనిపోవడం) కనీసం ఇరవైసార్లు అన్నాను, ప్రతిసారీ "అ-పాప్-టో-సిస్" అనే. చివర్లో బయటి నుంచి వచ్చిన సార్ ఒకరు "రెండో ప పలకకూడదమ్మా" అన్నారు. అందరి ముందూ నోట మాట రాలేదు. మా మేడం పలుకుతారు, ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. వచ్చే వారం వైవా, టెన్షన్‌గా ఉంది. అసలు మాటని ఎక్కడ విరవాలి?

జవాబు 1 (పాథాలజీ పాఠాలు చెబుతాను)
ఎలా పలకాలో ఈ మాటని పుట్టించినవాళ్లే రాసిపెట్టారమ్మా. 1972లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో కెర్, వైలీ, కరీ రాసిన పేపర్‌లో పేజీ అడుగున చూడు. అబర్డీన్ యూనివర్సిటీలో గ్రీకు ప్రొఫెసర్ జేమ్స్ కార్మాక్ సూచించిన మాట ఇది. గ్రీకులో చెట్టు నుంచి ఆకులు, పువ్వు నుంచి రేకులు రాలడం అని అర్థం. కణం కూడా అలాగే తన వేళకి తాను రాలిపోతుంది. విరుపు అపో, ప్టోసిస్. పై రెప్ప వాలిపోవడాన్ని "టోసిస్" అంటాం చూడు, అదే మాట. అక్కడ పీ రాస్తాం, పలకం. ఇక్కడా అంతే, "యా-ప-టో-సిస్". ఊనిక "టో" మీద.

జవాబు 2 (తెలుగు మాస్టారిని)
మన నోటికి "ప్ట" కష్టం కాదు, అదే చిక్కు. సప్త, గుప్త అని పుట్టినప్పటి నుంచీ అంటున్నాం. గణవిభజనలో "సప్త"లో స గురువు, ఎందుకంటే వెనకాల ప్త ఒత్తిపెడుతుంది. అదే అలవాటున "పాప్" దగ్గర ఆగుతాం. ఇంకో మాట, ఆ "ప్టోసిస్"కీ మన "పతనం"కీ ధాతువు ఒకటే. రాలడమే రెండూ. నాకెంతో ఇష్టమైన చుట్టరికం ఇది.

జవాబు 3
మేడంని తప్పుపట్టకండి. హెలికాప్టర్ కూడా గ్రీకులో హెలికో, ప్టెరాన్ (రెక్క). టెరోడాక్టిల్ (ఎప్పుడో అంతరించిన ఎగిరే సరీసృపం) పేరులో అదే రెక్క మాట మొదట్లో ఉంది కాబట్టి ప పలకం, హెలికాప్టర్‌లో పలుకుతాం. అపాప్టోసిస్‌కి నిఘంటువులు రెండు ఉచ్చారణలూ ఇస్తాయి. ఊనిక మాత్రం ఎలా అన్నా "టో" మీదే.

ప్రశ్న అడిగినామె
అందరికీ థ్యాంక్స్. మాస్టారూ, "పతనం" చూశాక ఇక మర్చిపోను. నోట్స్‌లో "అపో" తర్వాత పెన్సిల్‌తో నిలువుగీత గీసుకున్నాను. వైవాలో ప పలకకుండానే అంటాను. ఆ పేపర్ ప్రింట్ తీసి రేపు మేడంకి కూడా చూపిస్తాను.