పేరంటపల్లి చుట్టుపక్కల ఊళ్లకు నాటు పడవ ఎక్కడ దొరుకుతుంది?

పాపికొండల నడుమ గోదావరి ఒడ్డున ఉన్న కొండరెడ్ల ఊళ్లు నింపాదిగా తిరిగి చూడాలని రెండుసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. నవంబరులో పోచవరం నుంచి టూరిస్టు లాంచీలో వెళ్తే పేరంటపల్లి దగ్గర గంటసేపే ఆపారు. శివాలయం చూసి, వెదురు పూలు అమ్ముతున్న పెద్దావిడతో రెండు మాటలు మాట్లాడేలోపే హారన్ కొట్టేశారు (ఆ పువ్వు రేకులు వెదురును ఒక్కొక్క పొరగా గీసి చేసినవి, ఇంకా నా టేబుల్ మీదే ఉన్నాయి). వెళ్లిన లాంచీలోనే తిరిగి రావాలట, దిగి ఉండిపోతానంటే ఒప్పుకోలేదు.

జనవరిలో బైక్ మీద వేలేరుపాడు వైపు నుంచి బయలుదేరాను. మ్యాపులో చూపించిన దారి అడవిలో ఒక వాగు దగ్గర రాళ్లలో కలిసిపోయింది, అప్పటికే మధ్యాహ్నం మూడు దాటింది, సిగ్నల్ లేదు, వెనక్కి తిరిగాను. పోలవరం ముంపు వల్ల ఈ ఊళ్లు ఖాళీ అయ్యేలోపే చూడాలని నా ఆరాటం.

ఆ ఊళ్లవాళ్లు సంతకీ ఆసుపత్రికీ వెళ్లే పడవలో బయటివాళ్లను ఎక్కించుకుంటారా, ఎక్కించుకుంటే ఏ రేవులో ఎన్ని గంటలకు ఉండాలి?