మోచేయి ముందా, నడుము ముందా? మావాడి బేస్‌బాల్ పిచింగ్ గురించి సలహా కావాలి

మేం డాలస్ దగ్గర ఉంటాం. మావాడికి 12 ఏళ్లు, లిటిల్ లీగ్‌లో (పిల్లల బేస్‌బాల్ లీగ్) పిచర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడు. టీమ్ కోచ్ టవల్ డ్రిల్ (బంతి బదులు టవల్ పట్టుకుని విసిరే సాధన) చేయిస్తూ మోచేయి ఇంకా పైకెత్తమంటారు. విడిగా నేర్పే కోచ్ అసలు చేతి జోలికే పోరు. ముందు కాలు నేలకు ఆనేసరికి నడుము తిరగాలి, భుజాలు మాత్రం ఇంకా వెనకే ఉండాలంటారు. స్లో మోషన్‌లో చూస్తే, కాలు ఆనేలోపే వాడి ఛాతీ క్యాచర్ వైపు తిరిగిపోతోంది, చేయి వెనకబడుతోంది. నాకు తెలిసిందల్లా క్రికెట్, అక్కడ మోచేయి వంచి విసిరితే నోబాలే!

రోజుకు 85 పిచ్‌ల (అంటే 85 సార్లు బంతి విసరడం) పరిమితి, 66 లేదా అంతకు మించి వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి పాటిస్తున్నాం. నొప్పి లేదు, కానీ టెన్షన్‌గానే ఉంది. పిల్లలకు పిచింగ్ నేర్పినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ముందు ఏది సరిచేయించాలి? భుజాలు తొందరపడకుండా ఇంట్లో చేయించే డ్రిల్ ఏదైనా ఉందా?