కార్తీకమాసంలో కలకత్తా స్నేహితుడు వస్తున్నాడు, రెండు రోజుల్లో ఏం చూపించాలి?

బ్రాడీపేట కుర్రాడు:
పుణెలో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్న స్నేహితుడు వచ్చే వారం గుంటూరు వస్తున్నాడు. బెంగాలీ, పుట్టి పెరిగింది కలకత్తాలో. హైదరాబాదులో ఆఫీసు పని చూసుకుని శుక్రవారం రాత్రి రైలు దిగుతాడు, ఆదివారం రాత్రి వెళ్ళిపోతాడు. వాడికి గుంటూరు అంటే మిరపకాయ, అంతే. ఎక్కడో ఫోటో చూశాడట, కనుచూపు మేర ఎర్రగా కల్లంలో ఆరబోసిన మిరపకాయలు. వాటి మధ్యలో నిలబడి ఫోటో దిగాలని ఆరు నెలలుగా చంపుతున్నాడు.

నేను రాసుకున్న లిస్టు: దుర్గ గుడి, భవానీ ద్వీపం, ఉండవల్లి, మంగళగిరి, అమరావతి, కొండపల్లి, కొండవీడు, సూర్యలంక. మా నాన్న కళ్ళజోడు పెట్టుకుని లిస్టంతా చదివి, "వచ్చేది స్నేహితుడా, ఎలక్షన్ల ప్రచారానికి అభ్యర్థా?" అన్నాడు.

ఇంకో టెన్షన్. వాడికి చేప లేనిదే ముద్ద దిగదు. మా ఇంట్లో కార్తీకం నెల్లాళ్ళూ నీచు రానివ్వరు. నాన్న పాత కారు ఉంది, నేనే నడుపుతాను. ఘాట్ రోడ్డు మాత్రం నా వల్ల కాదు. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

కొట్లో గుమాస్తా:
తమ్ముడూ, ముందు ఆ ఎర్ర ఫోటో సంగతి తేల్చుకుందాం. శని, ఆదివారాలు మిర్చి యార్డుకు సెలవు. మీవాడు సరిగ్గా ఆ రెండు రోజులే ఉంటున్నాడు. ఒకవేళ తెరిచి ఉన్నా ఈ నెలలో యార్డులో కనిపించేది కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన పాత సరుకే. టిక్కీలు (మిర్చి బస్తాలు) కుట్టేసి ఉంటాయి, ఫోటోలో గోనె సంచులే పడతాయి. చేలో చూద్దామంటే ఇప్పుడు తోట పచ్చగా ఉంటుంది, కొన్ని చోట్ల ఇంకా పూత మీదే ఉంది. కాయ పండి, కోసి, కల్లంలో పోసేది సంక్రాంతి దాటాక. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రమ్మను, తేజా రకం మిరప ఘాటుకు ఫోటో తీసేవాడు ముందు తుమ్ముతాడు.

ఇప్పుడు చూపించాలంటే పత్తి చూపించు. తాడికొండ మీదుగా అమరావతి వెళ్తే రోడ్డుకు రెండు వైపులా పగిలిన పత్తికాయలే. అడగకుండా చేలోకి మాత్రం దిగనివ్వకు. తీత కూలీలు పనిలో ఉంటారు, వాళ్ళతో పాటు కుక్కలూ ఉంటాయి.

తాడేపల్లి వదిన:
లిస్టులో సగం కొట్టెయ్యి బాబూ. కొండవీడుకు ఘాట్ రోడ్డు, నీ వల్ల కాదని నువ్వే అన్నావు. సూర్యలంక కార్తీకం ఆదివారం వెళ్తే సముద్రం కనపడదు, జనం తలకాయలు కనపడతాయి. భవానీ ద్వీపం పడవలు నది వాటం మీద ఉంటాయి. పైనుంచి వరద వస్తే ఆపేస్తారు. దాన్ని నమ్ముకుని ప్లాను వేయకు. కొండపల్లి బొమ్మలు తప్పకుండా కొనిపించు కానీ, అందుకని కొండపల్లి దాకా వెళ్ళాల్సిన పని లేదు, బెజవాడలో దొరుకుతాయి. తూకం చూసి కొనండి. తెల్ల పొణికి కర్ర బొమ్మ చేతిలో పెడితే ఉందా లేదా అన్నంత తేలిగ్గా ఉంటుంది.

మంగళగిరి మాత్రం పొద్దున్నే. పానకాల స్వామి గుడి మధ్యాహ్నం మూడింటికి మూసేస్తారు. ఆ తర్వాత దేవతలు పూజ చేసుకుంటారని మనవాళ్ళ నమ్మకం. ఇది తెలియక మా చుట్టాలు నాలుగింటికి కొండెక్కి తలుపుకు దణ్ణం పెట్టి దిగారు. సాయంత్రం ఉండవల్లి గుహలు. మూడో అంతస్తులో పడుకున్న స్వామిని చూశాక తొందరపడి దిగొద్దు, బయట వసారాలో కాసేపు కూర్చోండి. అరటి తోటలు, పైరు, వాటి మీద పడే ఎండ చూడండి. అక్కణ్ణుంచి ప్రకాశం బ్యారేజీ మీదుగా బెజవాడ. వాడికి పునుగులు తినిపించకుండా పంపావో, నా మీద ఒట్టే.

పాత బస్తీ:
చేప సంగతి ఎవరూ చెప్పలేదేం? శుక్రవారం రాత్రి స్టేషన్ నుంచి ఇంటికి తీసుకెళ్ళే ముందే ఏదో ఒక హోటల్లో కూర్చోబెట్టు. కడుపు నిండినవాడికి రెండు రోజుల పప్పన్నం పెద్ద కష్టం కాదు. అమ్మకు మాత్రం నిజమే చెప్పు. వాసన చొక్కాకు పడుతుంది.

బ్రాడీపేట కుర్రాడు (పది రోజుల తర్వాత):
అందరికీ నమస్కారం. వచ్చాడు, వెళ్ళాడు. వదిన గారి మాట విని ఎనిమిదింటిని నాలుగు చేశాను, వాన వచ్చినా నాలుగూ చూశాం.

పాత బస్తీ గారి సలహా పాటించాను కానీ ఫలితం వేరేలా వచ్చింది. హోటల్లో చేపల పులుసు రెండు ముద్దలు తిని, "చింతపండులో చేప పడింది" అని పక్కన పెట్టేశాడు. ఇంటికొచ్చాక వాడు వద్దన్నా అమ్మ వినకుండా పెరుగన్నం పెట్టింది. మర్నాడు గోంగూర పచ్చడి దగ్గర పడిపోయాడు. నెయ్యి వేసుకో అంటే ముందు మొహమాటపడ్డాడు, తర్వాత గిన్నె తన వైపు జరుపుకున్నాడు. మా అమ్మకు హిందీ రాదు, వాడికి తెలుగు రాదు. రెండు రోజులూ "ఇంకొంచెం", "చాలు" అనే రెండు మాటలతో నెట్టుకొచ్చారు. వాడు "చాలు" అన్నప్పుడల్లా అమ్మ ఇంకొంచెం వేసింది.

శనివారం పదింటి దాకా వాన. మంగళగిరి చేరేసరికి పన్నెండు. పూజారి శంఖంతో స్వామి నోట్లో పానకం పోస్తుంటే లోపల గుటక వేసినట్టు చప్పుడు వచ్చింది, మావాడు నా చెయ్యి పట్టుకున్నాడు. సగం తాగి సగం మనకు వదులుతాడని చెబితే, "మా హాస్టల్లో నువ్వు టీ తాగినట్టు" అన్నాడు. కింద గుడి గాలిగోపురం ముందు పదకొండు అంతస్తులూ వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఉండవల్లిలో వదిన గారు చెప్పిన చోటే కూర్చున్నాం. వాన వెలిశాక వచ్చిన ఎండ, అదృష్టం. బ్యారేజీ దాటి దుర్గమ్మ దర్శనానికి వెళ్ళాం. దసరాకు అమ్మవారికి రోజుకో అలంకారం వేస్తారని చెబితే నమ్మలేదు. వాళ్ళ ఊళ్ళో పూజ రోజులన్నీ మహిషాసురుణ్ణి చంపుతున్న రూపమే కదా.

అసలు సంగతి ఆదివారం జరిగింది. అమరావతిలో కార్తీకం జనం, రేవు మెట్ల మీద ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు వదులుతున్నారు. ఒక ముసలావిడ దొప్ప మెట్టుకు తగులుకుని ఆగిపోతే మావాడు పంట్లాం మడిచి నీళ్ళలోకి దిగి దాన్ని తోశాడు. ఆవిడ వాడి నెత్తిన అక్షింతలు వేసింది. తర్వాత మ్యూజియంకి వెళ్ళాం. నిజం చెప్పాలంటే నేను పదో తరగతి ఎక్స్‌కర్షన్ తర్వాత మళ్ళీ అడుగు పెట్టలేదు. మహాచైత్యం, అంటే పాత బౌద్ధ స్తూపం, చూసి ఇంత గడ్డి దిబ్బ ఏమిటని వాడు అనుకుంటాడేమోనని ముందే సర్దిచెబుతున్నాను. స్తూపం చెక్కిన రాతి పలక ముందు ఆగి వాడన్నాడు, "ఇలాంటివి మా మ్యూజియంలో చూశాను. చిన్నప్పుడు నాన్న ప్రతి చలికాలం సెలవులకీ తీసుకెళ్ళేవాడు. కింద అమరావతి అని రాసి ఉండేది. అది ఎక్కడో నేనెప్పుడూ అడగలేదు."

నేను ఆ రాత్రి కూర్చుని చదివాను. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అనే జమీందారు ఇక్కడ ఊరు కట్టించేటప్పుడు ఆ దిబ్బ తవ్వి రాళ్ళు తీశారట. మంగళగిరి గాలిగోపురం కట్టించిందీ ఆయనే, అంటే ముందురోజు మావాడు అంతస్తులు లెక్కపెట్టింది ఆయన కట్టడాన్నే. ఆ రాళ్ళ సంగతి విని కంపెనీ సర్వేయరు మెకెంజీ దొర వచ్చాడు. 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు, కొన్ని పలకలు కలకత్తాకు పంపాడు. 1845లో కంపెనీ అధికారి ఇలియట్ తవ్వించినవి మద్రాసు వెళ్ళాయి, వాటిలో చాలా భాగం అక్కణ్ణుంచి లండన్ చేరాయి. వాడికి మా ఊరు చూపించాలని తీసుకెళ్తే, మా ఊరివి వాళ్ళ ఊళ్ళో ఉన్నాయని వాడు నాకు చెప్పాడు.

గుమాస్తా గారూ, ఎర్ర ఫోటో కూడా దొరికింది. ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేసరికి అమ్మ డాబా మీద పాత చీర పరిచి, డబ్బా అడుగున మిగిలిన నిరుటి మిరపకాయలు ఆరబెట్టి ఉంది. వానకు చెమ్మ పట్టి బూజు వస్తుందని. మహా అయితే రెండు కిలోలు ఉంటాయి. మావాడు చీర మధ్యలో ఉన్న కాసింత ఖాళీలో నిలబడి, ఫోన్ కిందనుంచి పట్టుకుని తీయమన్నాడు. ఎకరం కల్లంలో నిలబడ్డట్టే వచ్చింది. చీర అంచు ఒక మూల కనపడుతోంది, దాన్ని కత్తిరించి వాళ్ళ అమ్మకు పంపాడు.

పత్తి చేలో దిగలేదు. కుక్క ఉంది.

ఫిబ్రవరిలో మళ్ళీ వస్తాడట. ఈసారి గురువారం రాత్రే దిగుతానన్నాడు, శుక్రవారం యార్డు చూపించగలరా?

కొట్లో గుమాస్తా:
పొద్దున ఎనిమిదింటికల్లా తీసుకురా తమ్ముడూ. తెల్ల చొక్కా వద్దు, రుమాలు రెండు తెచ్చుకోమను. మిరపకాయలు పట్టుకున్న చేత్తో కళ్ళు నులుముకోవద్దని ముందే చెప్పు. ఎంత చెప్పినా నులుముకుంటారు, అది వేరే సంగతి.